సంతకం ఆయనది

విజయవాడలో ఏసీ గది.
ముగ్గురు డాక్టర్లు, ఒక లాయరు.
బల్ల మీద ఒక చీటీ నా వైపు జరిపారు.
"ఈ రాత నీదేనా, ఏసుమణీ?"
నాదే.
"ఈ సంతకం?"
సారుది.

గుమాస్తా రాసుకున్నాడు.
రెండు ముక్కలూ నిజాలే.
ఆ రెంటి మధ్య పదకొండేళ్లున్నాయి,
వాటి సంగతి ఎవరూ అడగలా.

అడిగుంటే చెప్పేదాన్ని.
చీమకుర్తిలో తెల్లారకముందే మా అరుగు నిండిపోద్ది.
నడుం పట్టుకొని కొందరు, భుజం పట్టుకొని కొందరు,
రెప్పల మీద క్వారీ దుమ్ము.
వాళ్లు కోసే రాయి నల్లన, లోపల బంగారు చుక్కలు.
ఓడెక్కి ఎవరెవరి ఇళ్లకో పోద్ది.
"చుక్కలన్నీ ఎగుమతి, నొప్పులన్నీ లోకల్"
అనేవాడు మాలకొండయ్య.

మొదట్లో సారు చేత్తో నొక్కి చూసేవాడు,
ఎముకా, నరమా అని.
రెండు రోజులకే రాసి మూడో రోజు రమ్మనేవాడు.
మూడో రోజు రావడమంటే మూడో రోజు కూలి పోవడం.
అందుకని వారానికి.
అందుకని నెలకి.
అందుకని ఒక శనివారం
ప్యాడులో వంద కాగితాల మీద వంద సంతకాలు గిలికి
డ్రాయరు తాళం నా చేతిలో పెట్టి
"ఒంగోలు పోయొస్తా, పేర్లు నువ్వేసుకో" అన్నాడు.

వేశాను.
అయిదో తరగతిలో టీచరమ్మ మెచ్చుకున్న
గుండ్రటి అక్షరాలతో.
పేరు, వయసు, ఎర్రగీత ఉండే ఆ మాత్ర,
పొద్దునొకటి, రాత్రొకటి.
పోను పోను పొద్దునే రెండు.
చీటీకి వంద, అందులో ముప్ఫై నాకు.
ఆ ముప్ఫైలే మా ఇంటి మీద రేకులు.
వాన పడితే
ఎవరో కూర్చుని చిల్లర లెక్కపెడుతున్నట్టుంటది.

మాలకొండయ్యకి నొప్పి తగ్గింది.
ఆ తర్వాత మాట తగ్గింది.
చెయ్యి వణికితే మాత్ర, వణుకు పోతే డ్రిల్లు.
ఆఖరిసారి వచ్చినప్పుడు
కొత్త చెప్పుల జత నా బల్ల మీద పెట్టి
"డబ్బు రేపిస్తా, ఇవి తాకట్టు" అన్నాడు.
చెప్పులు తీసుకోలా.
చీటీ మాత్రం రాశాను.
ఆ మధ్యాహ్నం బ్లాస్టింగుకి విజిలేశారంట,
అందరూ పరిగెత్తారంట,
ఆయన రాతికి వీపానించి కూర్చున్నాడంట,
నిద్రకాగలేని పిల్లోడిలాగా.

ఆర్డరొచ్చింది. ఆరు నెలలు.
సారు పేరు పక్కనుండే నంబరు
ఆరు నెలలు చెల్లదు.
బోర్డు మీద ఆ అంకెల మీద సున్నం పూసింది నేనే.
ఒక్క పూత చాల్లేదు, రెండోది వేశాను.
నాకు నంబరు లేదు.
లేనిదాన్ని ఎట్టా కొట్టేస్తారు?
బస్సు టికెట్టు చూపించమని, ఛార్జీ చేతిలో పెట్టి,
ఇంక పోవచ్చు అన్నారు.

నిన్న పొద్దున కూడా ఏడుగురొచ్చారు.
బోర్డెవరు చూస్తారు, తలుపే చూస్తారు.
చివర్న సింగరమ్మ, మాలకొండయ్య పెళ్లాం.
తిట్టడానికొచ్చిందనుకున్నా.
తిట్టినా బావుండేది.
"ఆయన పోయాక నన్ను పనిలో పెట్టుకున్నారమ్మే,
పాలిష్ కాడ రాళ్లు కడిగే పని.
ఈ చెయ్యి పైకి లేవటంలా.
ఒక్క చీటీ."

డ్రాయర్లో ఇంకా పద్నాలుగు సంతకాలున్నాయి.
ఆ గదిలో ఎవరూ అడగలా, నేనూ చెప్పలా.
సింగరమ్మకి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను.
తాగినంతసేపూ ఆమె నా మొహం చూళ్లేదు,
నా కొంగు ముడి వైపే చూసింది.