ఎనిమిదంకె చుట్ట

కంచరపాలెం గేటు దాటాక కుడిచేతి పక్క
వార్నిషు వాసనొచ్చే కొట్టు నాది.
కాలిపోయిన మోటార్లు తెస్తారు జనం.
విప్పుతాను, చుట్లు లెక్క రాసుకుంటాను, మళ్ళీ చుడతాను.
లెక్క తప్పితే మోటారు మూలుగుతుంది, అంతే.

సుభాషిణి మేడం మొదటిసారి వచ్చింది తొంభై ఆరులో,
స్కూటరు మీద, కాళ్ళ దగ్గర ఫెర్రైటు దిమ్మలు పెట్టుకుని.
అప్పుడామెది క్రేన్ల గొడవ.
బరువు దించేటప్పుడు మోటారు పుట్టించే కరెంటు
ఉత్తినే వేడైపోతోందని
దాన్ని వెనక్కి లైనులోకి తోసే పెట్టె కడుతోంది.
నాతో చోకులు చుట్టించేది.
ఒక్క చుట్టు తేడా వస్తే పట్టేసేది,
మీటరు పెట్టకుండా, చెవితో.

పదేళ్ళు చోకులే.
అచ్చయిన పేపర్లు తెచ్చి చూపించేది.
గీత ఒకటి పైకెక్కి, దబ్బున దిగి,
కాస్త ఊగి, నిలబడేది.
"ఆ ఊగుడే నా శత్రువు" అనేది.

ఓ రోజు టీ మరకల కాగితం మీద
ఎనిమిదంకె గీసి ఇచ్చింది.
"ఇలా చుట్టు. దీంట్లో ఐదువేల ఆంపియర్లు వెళ్తాయి."
నవ్వొచ్చింది. నా కొట్టు మొత్తానికి ఫ్యూజు పదిహేను.
"సెకనులో మూడువేలవ వంతు సేపేలే."
ఏ మోటారుకమ్మా అన్నాను.
తన తల మీద వేలు పెట్టి చూపించింది.

మొదటి చుట్ట మూడో దెబ్బకి విచ్చుకుంది.
ఏడోది నిలబడింది.
టక్.
అంత కష్టానికీ అదీ చప్పుడు,
గోటితో బల్ల మీద కొట్టినట్టు.
ముందు తన నెత్తినే పెట్టుకుంది.
కుడి బొటనవేలు దానంతటదే ఎగిరింది.
దాన్ని పక్కింటి పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

ఎలక్ట్రికల్ వాళ్ళు ఆమె డాక్టర్లలో కలిసిపోయిందన్నారు.
కేజీహెచ్‌లో డాక్టర్లు కరెంటావిడ అన్నారు.
ప్రొఫెసరు పోస్టు నాలుగేళ్ళు ఆగింది.
రెంటికీ చెడ్డ రేవడి బతుకు కదమ్మా అని
నోరు జారాను.
గ్లాసు కింద పెట్టి అంది:
"రేవడు కాదు గవర్రాజూ, రేవు.
ఓడ ఊళ్ళోకి రాలేదు, లారీ నీళ్ళలోకి పోలేదు."

మా అన్న ఎర్రయ్య పోర్టులో వించి తిప్పేవాడు.
హుద్‌హుద్ మరుసటేడు కుడిచెయ్యి పడిపోయింది.
అడ్డచుట్ట కూడా వదిన పట్టాలి.
మేడం పరీక్షల్లో వాడి పేరు రాశారు.
కొందరికి నిజం చుట్ట, కొందరికి ఉత్తది;
ఎవరికేదో తెలియకూడదు, ఆమెకీ తెలీదు.
ఉత్తదీ నేనే చుట్టాను:
రెండు పక్కలా ఎదురెదురు చుట్లేస్తే
ఒకదాన్నొకటి మింగేసి చప్పుడే మిగులుతుంది.

రెండింటికీ ఒకటే డబ్బా, ఒకటే రంగు.
కానీ తీగ చివర ముడి వేసింది నేను.
అన్న తల మీద పెడుతుంటే చూశాను.
ఉత్తది.

పదిహేను రోజులు తోడెళ్ళాను.
టక్ టక్ మంటుంటే వాడు
"ఏళ్ళు ఎచ్చబడతన్నాయిరా" అనేవాడు.
నేను కిటికీలోంచి సముద్రం చూసేవాణ్ణి.
చెప్తే ఆమె మూడేళ్ళ లెక్క పోతుంది.
చెప్పకపోతే,
వాడు నా తోడబుట్టినోడు.

లెక్కలు తెరిచిన సాయంత్రం కొట్టుకొచ్చింది.
స్కూటరు స్టాండు కూడా వెయ్యలేదు.
"నీకు ముందే తెలుసు కదూ?"
ముడి నాదే కదమ్మా అన్నాను.
చాలాసేపు బల్ల మీది రాగి తునకలు ఏరుతూ కూచుంది.
వార్నిషు ఆరే పొయ్యి మాత్రం
మా ఇద్దరి మధ్యా గుయ్‌మంటోంది.

ఉత్తది పడ్డవాళ్ళకి మర్నాడు నించి నిజంది.
టక్.
దుప్పటి మీద అన్న బొటనవేలు
చేప తోకలా ఒక్కసారి కొట్టుకుంది.
వాడు ఉలిక్కిపడి, వెనక్కి తిరిగి, మమ్మల్నిద్దర్నీ చూసి,
"ఎవుడ్రా లాగింది?" అన్నాడు.