ఏడో స్టేషను

ఇక్కడ రైలు ఆగదు.
ప్లాట్‌ఫారం లేదు, గంట లేదు.
భైరవపాలెం వెనక్కి జరిగి
మడచెట్ల ఊపిరివేళ్లు బురదలోంచి
చెక్కిన పెన్సిళ్లలా లేచే మలుపు దాటాక
సత్తిరాజు ఇంజను ఆపేస్తాడు,
"ఇదేనండి మీ ఏడో స్టేషను" అంటాడు
జీపీఎస్ ఇంకా ఒప్పుకోకముందే.
ఎలా తెలిసిందని అడిగితే
లైట్‌హౌసూ సరుగుడు తోపు కొసా
ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి కదండీ అని
బీడీ వెలిగించుకుంటాడు.

ఇనుప దవడలు తెరిచి తాడు వదుల్తాను.
బారెడు లోతే.
అడుగు తగిలిన చోట తాడు సోలుతుంది,
చేతికి అందే ఒక మెత్తటి జవాబు.
పైకి వచ్చింది దోసెడు గోదావరి:
పైన వేలెడు మందం, ఆగస్టు వరద తెచ్చిన ఎర్ర ఒండ్రు,
ఎవరి పొలం గట్టో, ఏ కొండ వాలో.
కింద నల్లటి బురద,
మురిగిన కోడిగుడ్డు వాసన.
ఎరుపు నలుపును తాకే ఆ గీత మీదే కాపురం
నేను లెక్కపెట్టేవాళ్లందరిదీ.

అర మిల్లీమీటరు జల్లెడ.
పిండి జల్లించేటప్పుడు మా అమ్మకు
కింద పడింది కావాలి.
నాకు పైన మిగిలింది కావాలి.
దువ్వెన కాళ్ల పురుగు,
ఇసుక రేణువులు అతికించుకుని గొట్టం కట్టుకున్న పురుగు,
నన్ను చూసి డెక్కలెత్తిన, గోరంత కూడా లేని పీత.

పదకొండేళ్ల పుస్తకం ఇది.
నాకు ముందు చేసినాయన గుండ్రటి రాతలో
గుల్లలు: రెండొందల పన్నెండు.
నా కోడిగీతల్లో తొంభై, ముప్ఫై ఏడు,
పోయిన వేసవిలో సున్నా.
ఆ సున్నా చుట్టడానికి ముందు
మూడుసార్లు వేశాను గ్రాబు.
లేవు అనడం వేరు,
దొరకలేదు అనడం వేరు.
గడి మాత్రం ఒక్కటే.

పాటు తీసినప్పుడు ఈ చోటికే దిగుతుంది
సంగాడి ధనకొండ.
నడుముకు కట్టిన అల్యూమినియం గిన్నె
నీటి మీద తేలుతూ వెంట వస్తుంటే
కాలి బొటనవేలితో అడుగును తడుముతుంది,
సున్నం బట్టీకి గుల్లలు.
"మీ మిషను కంటే నా మడమ నయం" అంది మొదటి ఏడాది.
నేనేమీ అనలేదు, నిజమే గనక.
ఈ డిసెంబరులో మాత్రం,
"ఇక్కడ పనైపోయిందమ్మా.
నిన్న పొద్దల్లా తొక్కాను. ఒక్కటీ తగల్లేదు."

ఆ రాత్రి కాకినాడలో,
కరెంటు పోయి వచ్చిన ల్యాబులో
రంగు పట్టించిన మట్టిని పల్చగా పరిచి
లెన్సు కింద పెట్టాను.
ఆవగింజలో సగం.
మూసుకున్న రెండు రెప్పల్లాంటి గుల్ల.
గులాబీ రంగు పట్టిందంటే
ఫార్మలిన్ పడేదాకా బతికే ఉందన్నమాట.
(చంపితేగాని లెక్కకు రావు.
ఆ సంగతి రిపోర్టులో ఎవరూ అడగరు.)
పక్కన ఇంకొకటి. దాని పక్కన.
నలభై ఒకటి అయ్యాక లేచి మంచినీళ్లు తాగి
మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టాను.
నలభై ఒకటే.

ఫోనులో ఫొటో చూపించాను.
తడి వేళ్లు కొంగుకి తుడుచుకుని
పెద్దది చేసి చూసింది ధనకొండ.
"మా కోడలి స్కానింగు కాయితంలా ఉంది.
ఇవన్నీ నా కాళ్ల కిందే ఉన్నాయా?"
ఉన్నాయన్నాను, కాలికి తెలియనంత చిన్నవి.
తెలియడానికి ఎన్నాళ్లు పడుతుంది?
శివరాత్రి దాటాలన్నాను.
తర్వాత మనసొప్పక,
నీళ్లలో గాలి తగ్గితే అసలు పెరగకపోవచ్చు,
గట్టిగా చెప్పలేను అన్నాను.
"ఇంత చదివీనా" అని నవ్వి
గిన్నె తాడు బిగించుకుంది.
ఎటు దిగుతుందో చెప్పలేదు.

జనవరి. ఏడో స్టేషను.
లోతు ఒకటిన్నర మీటరు. ఉప్పదనం ఇరవై ఆరు.
అడుగు: ఒండ్రు, కాస్త ఇసుక.
రిమార్కుల గడి ఎప్పుడూ ఖాళీగా వదిలేసేదాన్ని.
ఇవాళ పెన్సిలుతో రాశాను:
పాటు బాగా తీసింది.
ఉత్తరాన, కేకేస్తే వినపడని దూరంలో
ఆరు గిన్నెలు తేలుతున్నాయి.
ఇక్కడ ఒక్కటీ లేదు.