తడి తగలగూడదు

ముందు వేడి చెయ్యాల.
మా ఆబిదా జుట్టు ఆరబెట్టుకునే మిషను
అడక్కుండా ఎత్తుకొచ్చినా ఇంట్లోంచి.
తలుపుకు జానెడు దూరంలో పట్టుకొని
అట్నుంచి ఇటు, ఇట్నుంచి అటు,
పసిబిడ్డకు సాంబ్రాణి పొగ పట్టినట్టు.
ఒకే చోట నిలిపితే రంగు పొక్కుతుంది.

తిప్పేస్వామి పాత ఇండికా అది.
బెంగుళూరు ఆసుపత్రులకు బాడుగలు తోల్తాడు.
ఎనక తలుపు బీడింగు తోక ఊడి
పెనుకొండ దాటినప్పట్నుంచీ టపటపా కొట్టుకుంటాందంట,
పేషెంట్లకు నిద్ర పట్టడం లేదంట.

తర్వాత గాలం దారం.
మూల గోరంత లేస్తే ఎనక దూర్చి
రెండు చేతుల్తో రంపం లాగినట్టు లాగాల.
ఇనుప పట్టీ పెట్టి పెరికేవాళ్ళున్నారు,
వాళ్ళ కాడికి బండి తోలొద్దప్పా.

నల్లపట్టీ మెల్లగా వదులై
చచ్చిన పాము మాదిరి నా మోచేతి మీద వాలింది.
దాని ఎనక
నీలం.

తిప్పేస్వామి నోట్లోంచి బీడీ తీసినాడు.
ఇన్నేండ్ల ఎండకు బండంతా
ఉతికి ఉతికి కట్టిన లుంగీ రంగుకొచ్చింది గానీ
రెండు వేళ్ళ వెడల్పున మాత్రం
షోరూములో దిగిన నాటి నీలం.
వాడు మూడో ఓనరు.
ఆ నీలాన్ని వాడెప్పుడూ చూసిందే లేదు.
"నా బండి రంగు ఇదా, మౌలాలీ?"

పాత గమ్మును బొటనవేలితో తోస్తే
నలుగు పెట్టినప్పుడు రాలే మట్టి మాదిరి
సన్నసన్నగా చుట్టుకొని రాల్తుంది.
మొండికేసిన చోట కిరసనాయిలు గుడ్డ.
మళ్ళీ సోపు నీళ్ళు. మళ్ళీ పొడిగుడ్డ.
వాడు పక్కనే గొంతుక్కూచున్నాడు,
టీ చల్లారిపోయింది.

"రెండంగుళాలు పైకెయ్యాల్నా?" అడిగినా.
"పార్కింగుల్లో పక్క తలుపులు పైనే తగుల్తాన్నాయి గదా."
చానాసేపు చూసి అన్నాడు:
"ఎండ తగిల్తే ఇదీ పోతుంది.
ఉన్న కాడే ఎయ్యి."

కాగితం టేపుతో గీత పెట్టుకున్నా.
కొత్త గమ్ముపట్టీ ఎర్రపొర వలిచినా.
ఒక కొన ఆనించి, ఊపిరి బిగబట్టి,
అంగుళం అంగుళం ఒత్తుకుంటా పోయినా.
ఒకసారి అంటుకుంటే జరపలేం.

"ఈ రాత్రి బండి ఈడే పెట్టు,
ఇరవైనాలుగు గంటలు తడి తగలగూడదు."
చెప్పి నేనే నవ్వినా. వాడూ నవ్వినాడు.
ఆరుద్ర కార్తె సగం అయిపోయింది,
మబ్బులు రాయదుర్గం ఎక్స్‌ప్రెస్సు మాదిరి
కళ్యాణదుర్గంలో ఆపకుండానే పోతాన్నాయి.
వాడి డిక్కీలో చెనిక్కాయ ఇత్తనాలు
మూడు మూటలు, నెల నుంచీ తిరగతానే ఉండాయి.
వాటిని తమ్ముని మోటారుసైకిలు మీదేసుకొని పోయినాడు.

రాత్రి పదకొండుకు
మొదట వాసనొచ్చింది.

రేకుల మీద ఒకటి, రెండు,
ఆ తర్వాత ఎవరూ లెక్కపెట్టలేరు.
షెడ్డులో వేరేవాళ్ళ జీపు ఇప్పి పెట్టుండాది,
ఇండికా ఆరుబయట.
పట్ట ఎత్తుకొని ఉరికినా, చెప్పులు లేకుండా.
గాలి పట్టను లాగతాంది, నేను దాన్ని లాగతాన్నా,
నాలుగు మూలలా జాకీలు, ఒక పాత బ్యాటరీ బరువు పెట్టి
పట్ట కింద దూరి
తలుపును అరచేత్తో అదిమి పట్టుకున్నా.
తిట్టినా వానను. నోరారా తిట్టినా.
తిడతానే నవ్వొచ్చింది.

జేబులో ఫోను. తిప్పేస్వామి.
"మౌలాలీ! మా చేన్లో గూడా పడతాంది! పదునైతాదిరా, పదునైతాది!"
ఎనక వాళ్ళమ్మ ఎవర్నో కేకేస్తాంది.
బీడింగు మాట వాడు ఎత్తలా.
నేనూ ఎత్తలా.

తెల్లారి చూస్తే
ఎనక తలుపు తోక మళ్ళీ గోరంత లేసింది.
వాడు వారం దాకా రాడు,
గొర్రు కట్టినాడంట.
నీళ్ళు జాడించి, గుడ్డతో తుడిచి,
మళ్ళీ మొదట్నుంచీ చేద్దామని
మిషను కోసం ఇంటికి పోతే

మిద్దె మీద తడిసొచ్చిన ఆబిదా
జుట్టు ఆరబెట్టుకుంటా ఉండాది.
నాకియ్యలా.