పునర్ముద్రించగలరు

డనీడిన్ గ్రంథాలయంలో
మైక్రోఫిల్మ్ చక్రం తిప్పుతుంటే
గొర్రెల వేలం, పడవల రాక, దగ్గు మందు,
వాటి సందున నాలుగే వరుసలు:

టుల్లక్ – మౌవాట్.
పదకొండో తేదీన, పెళ్లికూతురి అన్న ఇంట.
లెర్విక్ పత్రికలు దయచేసి
పునర్ముద్రించగలరు.

వరుడు పీపాలు చేస్తాడని రాశారు.
నీ చేతుల పని రాయలేదు.
బార్బరా, మా ముత్తవ్వ తల్లీ,
ఆ చివరి వాక్యానికి
ఎన్ని పెన్నీలు విడిగా కట్టావు?
సముద్రాలవతల ఒక్క మనిషి చదవాలని.

లెర్విక్ రీలు తెప్పించాను.
నాలుగు నెలలకి వేశారు,
ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు.
మీ అమ్మ
అదే పుటలో ఉంది,
పక్క వరుసలో,
మరణాల శీర్షిక కింద.

దీపాలార్పే వేళయిందట.
నా వేలింకా
ఆ తప్పు అక్షరం మీదే.