సగం నీలం

హన్మకొండలో మా ల్యాబు నీళ్లు బుద్ధిమంతులు.
తూచి కలిపిన నీలం, చిటికెడు పొడి,
పన్నెండు నిమిషాలు.
బీకరు పక్కన అయస్కాంతం పెడితే
నల్లటి పొడి గాజుగోడెక్కి కూర్చునేది,
మిగిలింది తాగొచ్చు అన్నంత తేట.
ఆ ఫోటోకి మా గైడు ఫ్రేము కట్టించుకున్నారు.

కొత్తవాడలో కుడికాల రాజేశం రంగుల షెడ్డు.
మోచేతుల దాకా మూడు రంగులు, గోళ్లలో నాలుగోది.
జంపఖానాల నూలు దించాక మిగిలిన గాబునీళ్లు
క్యానులో పట్టి, మూత బిగించి, అడిగాడు:
"ఏం జేస్తది బిడ్డా, నీ మన్ను?"

తమలపాకుల కట్ట లాంటిది పెద్దనాయనా.
మెగ్నీషియం, అల్యూమినియం కలిసిన పొరలు.
ఆకుకూ ఆకుకూ నడుమ
కంటికే కాదు, సూదిమొనకూ అందని సందు.
రంగు పోయి అందులో కూర్చుంటుంది.
కట్టంతా ఇనుప రజను చల్లి ఉంచాను,
పిలిస్తే వచ్చేటందుకు.

"పిలుసుడెట్ల?"
పగిలిన స్పీకరులోంచి తీసిన అయస్కాంతం చూపించాను.
నవ్వాడు. దబ్బనం పోతే దేవులాడనీకి మంచిగుంటదన్నాడు.

ఆ సాయంత్రం కొత్తవాడ నీళ్లలో
నా పొడి సగం దూరం నడిచి ఆగింది.
గంట. రెండు గంటలు.
వాచ్‌మన్ వచ్చి లైట్లార్పమనేదాకా.
గోడెక్కాల్సింది ఎక్కింది,
సీసాలో ఇంకా నీలం.

సీసా పట్టుకుని మళ్లీ పోయాను.
నేను వద్దనేలోపే వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు, ఉమ్మేశాడు.
"ఉప్పు. సోడ.
ఉప్పెయ్యకుంటె రంగు నూలు దాక పోదు,
సోడెయ్యకుంటె పోయింది నిలువది.
నీ ఆకుల సందుల ముందుగాల ఎవరు కూసుంటున్నరో
సూస్కున్నవా?"

నాలుగేళ్లలో నన్నెవరూ ఈ ప్రశ్న వేయలేదు.
చదవక కాదు, నోట్సులో ఎర్రగీత కూడా ఉంది:
కార్బొనేటు ఆ పొరలకు మేనరికపు చుట్టం.
నేను మాత్రం పరీక్షలన్నీ
చుట్టాలు లేని నీళ్లకు పెట్టాను.

ఇప్పుడు సోడాను ముందే ఆమ్లం చుక్కలతో విరుస్తున్నాను.
పొడిని కొలిమిలో పెడుతున్నాను, నాలుగువందల యాభై డిగ్రీలు.
పొరలు కూలిపోతాయి.
తడి తగలగానే పాత వరుస వెతుక్కుంటూ లేస్తాయి,
లేచేటప్పుడు దగ్గరున్నదాన్ని లోపలికి లాక్కుంటాయి.
సగం ముప్పాతికయింది. ముప్పాతికే.
రంగు తాగిన పొడి హార్లిక్స్ సీసాలో దాచాను.
"మరి గది యాడ పోస్తవ్?" అంటే
ఇంకా చెప్పలేదు.

అయస్కాంతం ఆయన దగ్గరే మరిచిపోయి వచ్చాను.
సోమవారం పోయి చూస్తే మగ్గం ఇనుపకమ్మీకి అంటుకుని ఉంది,
దాని మీద రెండు దబ్బనాలు, ఒక తాళంచెవి,
దసరా ముందు పోయిందనుకున్న కత్తెర.
"ఇదైతే మంచిగ పనిజేస్తుంది" అంటూ
క్యాను నా ముందుకు జరిపాడు.
"పట్టుకపో. ఇయ్యాల ఎర్రది."