శుక్రవారం జతలు

శుక్రవారం మాకు సెలవు.
అందుకే శుక్రవారమే పెట్టాను.

రాజోలు శాఖా గ్రంథాలయం, వెనక గది.
దినపత్రికల కట్టలు పక్కకి తోసి
ఏడు కుర్చీలు వేశాను.
ముగ్గురొచ్చారు.
వశిష్ఠ అవతల నుంచి దీవెన,
పంటు ఆలస్యమై, కుచ్చిళ్ళకి తడితోనే.
అంబాజీపేట నుంచి జుబేదా.
ఇంకా, పిలవకపోయినా, యేసురత్నం గారు.
రిటైరై ఆరేళ్ళు, సంచీలో ఇప్పటికీ తేదీల స్టాంపు.

పైవాళ్ళకి పంపిన కాగితంలో
మార్గదర్శక కార్యక్రమం అని రాశాను.
ఆ మాట నోట్లో ఇమడలేదు.
చూపించేంత మార్గం నాకేం తెలుసు?
పంటు నడిపే సరంగుకి తెలుసు,
నిన్నటి ఇసకమేట ఈరోజు అక్కడుండదని.
నాకు తెలిసిందీ అంతే.

కాగితంలో ఇంకో గడి: ఆశించే ఫలితం.
ఖాళీగా వదిలేశాను.
అక్కడ రాయాల్సింది ఇది:

పంతొమ్మిదేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన మూడో వారం,
ఒక్క మీట నొక్కి
పదకొండు వేల పుస్తకాల్ని మాయం చేశాను.
పుస్తకాలు బీరువాల్లోనే ఉన్నాయి, నిక్షేపంగా.
పేర్లే పోయాయి.
నీళ్ళు పెట్టి వదిలేసిన చేనులా తెర,
ఒక్క మొక్క లేదు.
ఎవరికి ఫోను చెయ్యాలో తెలీదు.
పాత పేపర్ల గదిలో తలుపేసుకుని
చీకటి పడేదాకా కూర్చున్నాను.
ఆ తర్వాత పద్నాలుగు నెలలు
ఒక్కో పేరూ ఈ వేళ్ళతోనే మళ్ళీ ఎక్కించాను.
ఎవరికీ చెప్పలేదు.
ఆ శుక్రవారం చెప్పాను.

జుబేదా నవ్వలేదు.
"నావి నాలుగు వందలక్కా" అంది.

అప్పుడే కరెంటు పోయింది.
చీకట్లో యేసురత్నం గారు ఒక పుస్తకం అందుకుని
దాని వీపు నిమిరారు, దూడని నిమిరినట్టు.
"ఇది ఎనభై ఆరు వరదలో తడిసిందమ్మా.
గీతల కాగితం అట్ట మీద అంటించకండి,
వానాకాలం అట్ట ఉబ్బుద్ది, గీతలు వంకరపోతాయి.
లోపలి పేజీకి అంటించండి."
నాలుగు నెలలుగా స్కానరు ఎందుకు మొరాయిస్తోందో
కంపెనీ కుర్రాడికీ అంతుపట్టలేదు.

కరెంటొచ్చాక దీవెన
ఆయన చూపుడువేలు పట్టుకుని మౌసు మీద పెట్టింది.
రెండుసార్లు నొక్కమంటే ఐదుసార్లు నొక్కారు.
"ఆయ్, తెరుచుకుందండీ" అన్నారు
కంప్యూటరుతోనే.

రిజిస్టరులో నడిమికి గీత కొట్టాను.
ఎడమవైపు నేర్పేవాళ్ళు, కుడివైపు నేర్చుకునేవాళ్ళు.
టీ చల్లారేలోపే ఆ గీత పనికిరాకుండా పోయింది.
ఇప్పుడు పేర్లన్నీ ఒకే వరస,
పక్కన ఫోను నంబర్లు,
పైన నా చేతిరాత: ఏ వేళైనా.

పైనుంచి జవాబు రాలేదు.
బిస్కట్ల ఖర్చు నాదే.
కుర్చీలు మాత్రం చాలడం లేదు.

శ్రావణంలో ఒక రాత్రి, రెండున్నరకి, ఫోను.
ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఎగరేశారు.
దీవెన గొంతు, దాని వెనక నీళ్ళ చప్పుడు.
"రెండో మెట్టు మీదకొచ్చేశాయక్కా. ముందేది ఎత్తను?"

"సీపీయూ ఎత్తు. వైర్లు పీకేముందు
ఏది ఎక్కడిదో ఫోటో తియ్యి."

"తీశాను. రత్నం గారు టార్చి పట్టుకున్నారు."

"ఈ వేళప్పుడు ఆయనెలా వచ్చారే?"

"నిన్న ఆఖరి పంటుకే దిగిపోయారు."

"ఎవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలేదక్కా."

నేను ఫోను పెట్టెయ్యలేదు.
మేడమెట్ల మీద రెండు జతల అడుగులు,
ఒకటి గబగబా, ఒకటి నెమ్మదిగా.
లెక్కపెడుతూ కూర్చున్నాను.