శివారుకి నీళ్ళు

మనకి ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక.
దానికి అలా కాదు.
మనిషి ముందు నిలబడాలి,
ఇంటిపేరు చుక్క పెట్టుకుని వెనకాల రావాలి.
కముజు డాట్ ఇన్.
ఏడాదికి ఏడువందల చిల్లర కట్టి
పుట్టుకతో వచ్చినదాన్నే మళ్ళీ కొనుక్కున్నాను.

తాళ్ళ కొట్టు వెనక గదిలో
పీచు దుమ్ము పడకుండా పల్చటి పంచె కప్పిన పెట్టె ఒకటి,
రాత్రీ పగలూ గుయ్యిమంటూ.
దానికో పేరు పెట్టమంటే మోకు అని పెట్టాను.
ఇక అదే మా తపాలా.
అద్దె డబ్బాలో పడ్డ ఆర్డర్లు రెండు
ఏ చెత్తలో కలిశాయో తెలీక
లారీడు తాడు బేరం పోయాక
పంతం పుట్టింది నాకు:
మా ఉత్తరం మా గుమ్మంలోనే దిగాలి.

మొదటి గీత: ఈ పేరు గలది ఈ అంకెల ఇంట్లో ఉంటుంది.
రెండోది: ఈ ఇంటిపేరుకొచ్చిన ఉత్తరాలు ఎక్కడ దించాలి.
దాని పక్కన పది అని వేయమంది.
పదెందుకంటే,
రేపు ఇంకో రేవు పెట్టుకుంటే దానికి ఇరవై,
పంటు ఆగితే నాటుపడవ ఉన్నట్టు.
నాకు రెండో రేవు లేదు. పదే.

మూడో గీత కాడ మధ్యాహ్నమంతా కూర్చున్నాను.
మా పేరు చెప్పుకుని ఇంకెవడైనా రాస్తే?
అడ్డగీత పెడితే, గుమ్మంలోంచే తోసెయ్యండని.
అలగీత పెడితే, అనుమానించండి గానీ
అరుగు మీద కూర్చోనివ్వండని.
ఏటి పక్కన పుట్టినవాణ్ణి,
చెయ్యి అలవైపే పోయింది.

సంతకం తాళం మాత్రం బారెడు పొడుగు.
రెండువందల యాభై అయిదు అక్షరాలు దాటితే పట్టదు,
తెంపి అతకమంది.
తెంపి అతకడం
నాకు ఇంకొకరు నేర్పాలా.

ఇక తిరుగు చీటీ. అంకెలు చెబితే పేరు పలకాలి.
అది నా చేతిలో లేదు, అంకెలు అద్దెకిచ్చినవాళ్ళ చేతిలో.
అమలాపురం ఆఫీసులో కుర్రాడు
కళ్ళజోడు తీసి తుడుచుకుని
"ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండి" అన్నాడు.
ఇరవై అయిదో తూము కూడా మూసే ఉందట.
మూడుసార్లు తిరిగాను. మూడోసారి
కాగితం మీద కొట్టు బోర్డంత అక్షరాలతో రాసిచ్చాను.

అంతా అయ్యాక, ఏమీ రాలేదు.

లాకుల మీద లస్కరు గెడ్డం ఏసుపాదంతో చెప్పుకున్నాను.
"తలుపెత్తి ఎన్నాళ్ళయిందండి?"
నిన్న సాయంత్రం.
"ధవళేశ్వరంలో వదిలిన నీరు
కాట్రేనికోన శివారుకి ఇయ్యాలే వచ్చేత్తాదాండి?
మజ్జిలో ప్రతి బోదిలోనూ పాతనీరుంటాది.
అది తీసిందాకా ఆగాలండి."
నా జవాబు గంటసేపు గుర్తుంచుకోండని
మూడువేల ఆరువందలు వేసింది నేనే.
గంట, ఎవరి గంట?

రెండో రోజూ లేదు.
మూడో రాత్రి, కరెంటు పోయి వచ్చాక,
వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం చదివితే దొరికింది.
చివరి చుక్క మర్చిపోయాను.
ఇంటిపేరు కూడా అయ్యాక ఇంకో చుక్క పెట్టాలి,
ఇక్కడితో సరి, ఇంకేం తగిలించకు అని.
అది లేక, పాపం,
ఇంటిపేరుకి ఇంటిపేరు అతికించుకుని
కముజు వారి కముజు వారి మోకు ఎక్కడని
రెండు రోజులుగా లోకమంతా అడుగుతోంది.

దోమ వాలినంత చుక్క. పెట్టాను. పడుకున్నాను.

పొద్దున్నే టీ గ్లాసుతో గదిలోకెళ్తే
ఒక ఉత్తరం వచ్చి ఉంది.
నిజంగా. మా గుమ్మంలో.
ఎవరో, పూచీ అక్కర్లేకుండా
అయిదు లక్షలు అప్పిస్తారట.

లాకుల మీదికెళ్ళి చెప్తే
ఏసుపాదం గెడకర్రతో
తలుపులకి పట్టిన గుర్రపుడెక్క నెడుతూ
తలెత్తకుండానే అన్నాడు:
"మరేనండి. కొత్తనీటికి ముందు వచ్చేది ఇదే.
ఎనకాల నీళ్ళున్నట్టేగా."